పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: డబ్బాలో మూకీ దొరికితే

మాయమైపోయిన మూకీ సినిమాల మీద పోయిన సంచికలో వ్యాసం వేశాక చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి, కొన్నిటికి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: పాత ఇల్లు సర్దుతుంటే అటక మీద రేకు డబ్బాలు కనిపించాయి. లోపల వెడల్పాటి ఫిల్ము. రెండు డబ్బాలు తుప్పు పట్టాయి, ఒకటి ఘాటుగా వాసనేస్తోంది. తెలిసినాయన దగ్గర పాత ప్రొజెక్టరు ఉంది. ఒక్కసారి వేసి చూడొచ్చా?

జవాబు: వద్దు. రీలు విప్పనూ వద్దు. పాత ఫిల్ము ఏళ్ళు గడిచేకొద్దీ కుంచించుకుపోతుంది. అంచు చిల్లుల మధ్య దూరం తగ్గిపోయి ప్రొజెక్టరు పళ్ళకు సరిపోదు. మొదటి పది అడుగులు వెళ్ళేలోపే చిల్లులు వరసగా చిరుగుతాయి. దానికి తోడు దీపం వేడి ఒకటి.

ముందు వెడల్పు కొలవండి. 35 మిల్లీమీటర్లో, అంతకు వెంట్రుకవాసి తక్కువో ఉండి, ఫిల్ము 1950లకు ముందుదైతే అది నైట్రేట్, అంటే ఇట్టే అంటుకుని మండే రకం, అనే అనుకోండి. మూకీల కాలంలో థియేటర్లకు వెళ్ళిన 35 ఎం.ఎం. ప్రింట్లు దాదాపు అన్నీ సెల్యులోజ్ నైట్రేట్ మీదే తీసినవి. కోడాక్ దాని తయారీని 1950ల మొదట్లో ఆపేసింది. 16 ఎం.ఎం., 9.5 ఎం.ఎం. రీళ్ళయితే ఆ భయం లేదు. ఇళ్ళలో ఆడించుకోవడానికని మొదటి నుంచీ వాటిని సేఫ్టీ ఫిల్ము మీదే చేశారు.

ఫిల్ము అంచున ఇంగ్లీషులో ‘నైట్రేట్’ అనో ‘సేఫ్టీ’ అనో ఉంటుంది. అయితే ఆ అక్షరాలను చూడగానే నమ్మకండి. ప్రింటు తీసేటప్పుడు నెగెటివ్ అంచున ఉన్న అక్షరాలు కూడా దాని మీదకు దిగిపోతాయి. పాజిటివ్ ప్రింటులో తెల్లటి అంచు మీద నల్లగా కనిపించేవి ఆ ఫిల్ము తయారీలో పడ్డవి. నల్లటి అంచు మీద తెల్లగా ఉన్నవి నెగెటివ్ నుంచి దిగినవి, కాబట్టి అవి నెగెటివ్ సంగతే చెబుతాయి. వాసన కూడా ఒక ఆనవాలే. వెనిగర్ వాసనయితే అసిటేట్, అంటే సేఫ్టీ ఫిల్ము, పాడవుతోందని. ముక్కులో గుచ్చుకునే ఆమ్లపు ఘాటయితే నైట్రేట్.

ఇక చేయాల్సిన పని. డబ్బాలను అటక మీంచి దింపి ఇంట్లో అన్నిటికంటే చల్లగా, గాలి ఆడే చోట, పొయ్యికీ స్విచ్ బోర్డులకూ దూరంగా పెట్టండి. వాసనొచ్చేదాన్ని విడిగా ఉంచండి. దానిలోంచి వచ్చే వాయువులు పక్క రీళ్ళనూ పాడుచేస్తాయి. ప్లాస్టిక్ కవర్లో బిగించి కట్టొద్దు, వంటింటి ఫ్రిజ్‌లో దాచొద్దు. మూత తీయాలంటే ఆరుబయట, చేతులకు నైట్రైల్ రబ్బరు తొడుగులు వేసుకుని తీయండి. బిగుసుకుపోయిన మూతను స్క్రూడ్రైవరుతో పొడిచి లేపకండి. డబ్బా పైన రాతలు, లోపలి కాగితాలు, రీలు మొదట్లో ఉన్న అక్షరాలు, అన్నిటికీ ఫొటోలు తీసుకోండి. డబ్బాకో నంబరు వేసి, ఏ కాగితం ఏ డబ్బాలోదో రాసుకోండి. ఈ చివరి పని చేయనందువల్లే తర్వాత గుర్తుపట్టలేకపోయిన రీళ్ళు ఆర్కైవుల్లో బోలెడన్ని ఉన్నాయి.

ప్రశ్న: చిన్న ముక్క కత్తిరించి నిప్పంటిస్తే నైట్రేటో కాదో తెలిసిపోతుందట కదా?

జవాబు: తెలుస్తుంది. ఇంట్లో మాత్రం ఆ పని చేయకండి. నైట్రేట్ మండడానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది. ఇసుక పోసినా, దుప్పటి కప్పినా, నీళ్ళలో ముంచినా మంట ఆగదు. పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు ఉంటాయి. పీల్చినవాళ్ళకు అప్పటికి బాగానే ఉన్నట్టనిపించి, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంది. పాడైన నైట్రేట్‌కు అసలు అగ్గిపుల్లే అక్కర్లేదు. 41 డిగ్రీల సెల్సియస్ వేడి రోజుల తరబడి తగిలినా తనంతట తాను అంటుకోగలదు. 1937 జూలైలో, వడగాడ్పుల రోజుల్లో, అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం లిటిల్ ఫెర్రీలో ఫాక్స్ కంపెనీ గోదాము అలాగే తగలబడింది. ఆ సంస్థ మూకీల్లో చాలావాటి నెగెటివ్‌లు అక్కడే పోయాయి.

ప్రశ్న: ఒక రీలు పక్కనుంచి చూస్తే గోధుమ రంగు నురగలా ఉంది. పారేయాలా?

జవాబు: నైట్రేట్ పాడవడంలో అయిదు దశలున్నాయి. మొదట బొమ్మ వెలిసి ఫిల్ముకు పసుపు జీర వస్తుంది. తర్వాత ఎమల్షన్, అంటే బొమ్మ ఉండే పొర, జిగురెక్కి చుట్టలు ఒకదానికొకటి అంటుకుంటాయి. మూడో దశలో బుడగలు లేచి ఘాటైన వాసన మొదలవుతుంది. నాలుగో దశలో రీలంతా ఒకటే ముద్ద, పైన నురగ. చివరికి గోధుమ రంగు పొడి. మొదటి రెండు దశల్లో మొత్తం కాపీ తీయొచ్చు. మూడో దశలో కొంత భాగం దక్కుతుంది. నాలుగు, అయిదు దశల్లో ఉన్నదాన్ని నీళ్ళు నింపిన పాత్రలో మునిగేలా ఉంచి, అగ్నిమాపక శాఖకు ‘నైట్రేట్ ఫిల్ము’ అని స్పష్టంగా చెప్పి అప్పగించాలి. చెత్తకుండీలో వేయడం నేరుగా ప్రమాదం కొనితెచ్చుకోవడమే.

ఒక రీలంతా ఒకే దశలో ఉండదు. పై చుట్టలు ముద్దకట్టినా లోపలివి బాగుండొచ్చు. ఫ్రెంచి దర్శకుడు మెలియెస్ ‘ఎ ట్రిప్ టు ద మూన్’ (1902) రంగుల ప్రింటు బార్సిలోనాలో బయటపడినప్పుడు గట్టి దిమ్మలా ఉంది. రసాయన ఆవిర్లతో మెత్తబరిచి, కొంచెం కొంచెంగా విడదీసి ఫొటోలు తీశారు. పూర్తిగా బాగుచేసి 2011లో కాన్ చిత్రోత్సవంలో ప్రదర్శించారు. కాబట్టి పారేయాలా వద్దా అన్నది ల్యాబ్ వాళ్ళు చూసి తేల్చాలి.

ప్రశ్న: స్కానింగ్ ల్యాబ్ వాళ్ళు ‘ఎంత శాతం కుంచించుకుపోయింది’ అని అడుగుతున్నారు. ఇంట్లో కొలవొచ్చా?

జవాబు: ఫిల్ము మెత్తగా వంగుతుంటే కొలవొచ్చు. పెళుసుగా ఉంటే ముట్టుకోకండి.

బల్ల మీద స్టీలు స్కేలు పెట్టి, రీలు మొదట్లో అర మీటరు ఫిల్మును లాగకుండా దాని పక్కన పరవండి. ఒక చిల్లు పై అంచు సున్నా దగ్గర ఉంచి, 101వ చిల్లు పై అంచు ఎక్కడ పడిందో చూడండి. కొత్త 35 ఎం.ఎం. ప్రింటులో అది 475 మిల్లీమీటర్లు. మీకు 471.2 వస్తే 0.8 శాతం తగ్గినట్టు. ప్రొజెక్టరు మీద నడపడానికి ఆర్కైవులు సాధారణంగా పెట్టుకునే హద్దు అదే. 465.5 వస్తే 2 శాతం. అప్పుడు పళ్ళ చక్రాలు లేకుండా రోలర్ల మీదే నడిచే స్కానరు కావాలి.

అందరూ తప్పేది లెక్కపెట్టడంలో. 100వ చిల్లు దగ్గర ఆగిపోతే మధ్యలో ఉన్నవి 99 ఖాళీలే. అంటే 470.25 మిల్లీమీటర్లు. ఏమీ కుంచించుకోని ఫిల్ము కూడా సరిగ్గా ఒక శాతం తగ్గినట్టు లెక్క వస్తుంది!

ప్రశ్న: మా దగ్గరున్న రీలులో సినిమా పేరు లేదు, నటులెవరో తెలియదు. గుర్తుపట్టే దారి ఉందా?

జవాబు: మూకీల విషయంలో దొరకడం కంటే గుర్తుపట్టడమే కష్టం. పేరు లేని రీళ్ళు పెద్ద ఆర్కైవుల అరల్లోనే దశాబ్దాలుగా పడి ఉన్నాయి. వాటిని తెర మీద వేసి, తెలిసినవాళ్ళు చూస్తూ పేర్లు చెప్పడానికని అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2012లో ‘మోస్ట్‌లీ లాస్ట్’ అనే వర్క్‌షాపు మొదలుపెట్టింది. కారు నంబరు ప్లేటు, గోడ మీద పోస్టరు, నటి టోపీ, ఏదైనా సరే ఆధారమే.

మీరు కథతో మొదలుపెట్టకండి, ఫిల్ముతో మొదలుపెట్టండి. కోడాక్ ఫిల్ము అంచున వలయం, చతురస్రం, త్రిభుజం గుర్తులుంటాయి. అమెరికా తయారీలో ఒక్క వలయం 1916, చతురస్రం 1917, త్రిభుజం 1918, రెండు వలయాలు 1919. ఇరవై ఏళ్ళకోసారి ఇదే వరస తిరిగొస్తుంది కాబట్టి ఒక్క వలయం ఉంటే 1916, 1936, 1956లలో ఏదైనా కావొచ్చు. నైట్రేట్ అయితే 1956 పోయింది. మిగిలిన రెంటిలో 1916 అని తొందరపడొద్దు. పాత మూకీకి 1936లో కొత్తగా ప్రింటు తీసి ఉండొచ్చు. ఈ గుర్తు చెప్పేది ఫిల్ము తయారైన ఏడాదిని. సినిమా తీసిన ఏడాదిని కాదు.

తర్వాత చిల్లుల ఆకారం. పక్కలు గుండ్రంగా ఉన్నవి బెల్ అండ్ హోవెల్ రకం. మూలలు నున్నచేసిన దీర్ఘచతురస్రాలు కోడాక్ స్టాండర్డ్ రకం, ఇవి 1920లలో వచ్చాయి. ఆ తర్వాత టైటిల్ కార్డులు, అంటే మాటలు రాసి తెర మీద చూపేవి. మూల చిహ్నం, చుట్టూ గీసిన చట్రం, కార్డు నంబరు కంపెనీని పట్టిస్తాయి. సినిమాలను దొంగతనంగా కాపీ కొట్టకుండా తొలినాళ్ళలో కంపెనీలు సెట్టులోనే తమ ముద్ర పెట్టేవి. గది గోడ మీద కోడిపుంజు బొమ్మ కనిపిస్తే అది ఫ్రాన్స్‌కు చెందిన ‘పాతే’ కంపెనీది, ఇంగ్లీషు ఎ, బి అక్షరాలు కలిసి ఉంటే అమెరికాకు చెందిన ‘బయోగ్రాఫ్’ కంపెనీది.

చివరగా నిడివి. 1920లో బొంబాయి, కలకత్తా, మద్రాసు, రంగూన్‌లలో సెన్సార్ బోర్డులు ఏర్పడ్డాయి. ఆనాటి రికార్డుల్లో సినిమా పేరుతో పాటు నిడివి అడుగుల్లో ఉంటుంది. జర్మనీ సెన్సార్ కార్డుల్లోనైతే టైటిల్ కార్డుల పాఠం మొత్తం ఉంటుంది. జర్మన్ మూకీ ‘మెట్రోపొలిస్’ దృశ్యాల వరసను తేల్చడానికి అవి బాగా అక్కరకొచ్చాయి.

ఇంతా చేసి పేరు తేలినా ఇంకో చిక్కు ఉంది. ఏ కూర్పు? ‘రాజా హరిశ్చంద్ర’గా మనం చూసే రీళ్ళు 1913 నాటివి కావనీ, ఫాల్కే 1917లో మళ్ళీ తీసినవనీ పలువురు పరిశోధకుల అభిప్రాయం.

ప్రశ్న: పోయిందనుకున్న సినిమా ఎప్పుడూ పరాయి దేశంలోనే ఎందుకు బయటపడుతుంది?

జవాబు: ప్రింటు ఊళ్ళు తిరిగి తిరిగి చివరి దేశం చేరేసరికి అది ఆడి ఆడి పాతబడిపోయేది. వెనక్కి పంపే ఖర్చు దాని విలువ కంటే ఎక్కువ. అక్కడే ఉంచేసేవాళ్ళు. సొంత దేశంలో మాత్రం టాకీలు రాగానే మూకీ ప్రింటుకు విలువ దాని బొమ్మ పొరలోని వెండికే. కరిగించి వెండి తీసుకున్నారు, లేదా గోదాము అద్దె దండగని తగలబెట్టారు. అమెరికాలో 1912 నుంచి 1929 దాకా విడుదలైన దాదాపు 10,900 మూకీ ఫీచర్లలో అసలు 35 ఎం.ఎం. రూపంలో పూర్తిగా మిగిలినవి 14 శాతమేనని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో తేల్చింది.

కెనడాలోని డాసన్ సిటీ ఇలాంటి చివరి మజిలీయే. 1929లో అక్కడి ఈత కొలను పూడ్చడానికి పాత రీళ్ళను వాడారు. 1978లో తవ్వితే 533 రీళ్ళు బయటపడ్డాయి. ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేల వాటిని కాపాడింది. నీటి చెమ్మ తగిలిన అంచుల్లో మాత్రం ఆడించినప్పుడు తెల్లటి మచ్చలు కదులుతుంటాయి. జాన్ ఫోర్డ్ ‘అప్‌స్ట్రీమ్’ (1927) న్యూజిలాండ్‌లో దొరికింది. డ్రయర్ ‘పాషన్ ఆఫ్ జోన్ ఆఫ్ ఆర్క్’ (1928) తొలి కూర్పు 1981లో నార్వేలో ఒక మానసిక చికిత్సాలయం గదిలో బయటపడింది. మన ‘బిల్వమంగళ్’ (1919) పారిస్‌లోని సినిమాథెక్ ఫ్రాన్సెజ్‌లో ఉండిపోయి, 2016లో పుణే ఆర్కైవుకు చేరింది. వచ్చింది 594 మీటర్లే. మొదటి నిడివి 12,000 అడుగులు, అంటే ఆరింట ఒక వంతు మిగిలింది.

ప్రశ్న: 1921 నాటి ‘భీష్మ ప్రతిజ్ఞ’ దొరికే ఆశ ఉందా?

జవాబు: రఘుపతి వెంకయ్య గారి కుమారుడు ప్రకాష్ తీసిన ఆ మూకీ ఇప్పటికి లేనట్టే. ఆనాటి మన సినిమాలకు ఒకే ప్రింటులో రెండు మూడు భాషల టైటిల్ కార్డులుండేవి. అందుకని మీ రీలులో తెలుగు అక్షరాలు లేవని పక్కన పడేయకండి.

ప్రశ్న: మూకీల్లో మనుషులు గబగబా పరిగెత్తినట్టుంటారు. మా రీలు అలా రాకుండా ఉండాలంటే ఏ వేగం అడగాలి?

జవాబు: కెమెరాను చేత్తో తిప్పేవాళ్ళు. పిడి ఒకసారి తిప్పితే 8 ఫ్రేములు, సెకనుకు రెండు చుట్లు, మొత్తం 16. ఇది లెక్క మాత్రమే. 1920లకొచ్చేసరికి తీయడంలోనూ ఆడించడంలోనూ వేగం పెరిగింది. 24 అన్నది టాకీలతో స్థిరపడిన అంకె. 16తో తీసినదాన్ని 24తో ఆడిస్తే అందరూ పరుగే.

1000 అడుగుల 35 ఎం.ఎం. రీలులో 16,000 ఫ్రేములుంటాయి. 16 వేగంతో 16 నిమిషాల 40 సెకన్లు, 18తో దాదాపు 14 నిమిషాల 49, 20తో 13 నిమిషాల 20, 24తో సుమారు 11 నిమిషాల 7. ల్యాబ్‌ను ఏ వేగమూ అడగకండి. ఫ్రేముకో ఫైలు చొప్పున ఇమ్మనండి. వేగం తర్వాత తేల్చుకోవచ్చు. నీళ్ళు పడే తీరు, గుర్రం నడక, చీర కుచ్చెళ్ళ కదలిక చూసి 16, 18, 20 పెట్టి పోల్చుకోండి. ఒకే సినిమాలో దృశ్యానికీ దృశ్యానికీ తేడా ఉండొచ్చు.

24 ఫ్రేముల కాపీ తప్పదంటే 18ని ప్రతి మూడో ఫ్రేమూ, 16ని ప్రతి రెండో ఫ్రేమూ, 20ని ప్రతి అయిదో ఫ్రేమూ రెండుసార్లు చూపించి సరిపెడతారు. కొన్ని సాఫ్ట్‌వేర్లు మధ్య ఫ్రేములను సొంతంగా పుట్టిస్తాయి. చేతులు, చక్రాలు కరిగినట్టు కనిపించేది దానివల్లే. దానికి ఒప్పుకోవద్దు.

ప్రశ్న: పాతే బేబీ 9.5 ఎం.ఎం. రీళ్ళు స్కాన్ చేయిస్తే టైటిళ్ళు రెప్పపాటులో పోతున్నాయి. ల్యాబ్ తప్పా?

జవాబు: కాదు. 1922లో వచ్చిన ఆ పద్ధతిలో ఫిల్ము ఆదా చేయడానికి టైటిల్‌ను కొద్ది ఫ్రేముల్లోనే ముద్రించి, అంచున చిన్న గాటు పెట్టేవాళ్ళు. గాటు తగలగానే ప్రొజెక్టరు ఆ ఫ్రేమును కొన్ని సెకన్లు ఆపి చూపేది. స్కానరుకు ఆ సంగతి తెలియదు. కాపీలో ఆ ఫ్రేమును, పాఠం నింపాదిగా రెండుసార్లు చదివేంతసేపు నిలిపితే సరి. గాటును చిరుగనుకుని టేపు అతికించొద్దని ముందే చెప్పండి. థియేటరు సినిమాలను కుదించి ఇళ్ళకు అమ్మిన రీళ్ళు ఇవి. కొన్ని సినిమాలకు ఇప్పుడు మిగిలింది ఈ కుదింపే.

ప్రశ్న: మూకీ అంటే నలుపు తెలుపే కదా, రంగు స్కానింగ్ దండగ అంటున్నారు.

జవాబు: ఆ మాట వినకండి. నాటి ప్రింట్లలో చాలావాటికి రంగు అద్దేవాళ్ళు. తెల్లటి భాగాలూ చిల్లుల మధ్య అంచూ కూడా రంగులో ఉంటే అది టింటింగ్, అంటే ఫిల్మును రంగునీళ్ళలో ముంచినది. తెలుపు తెలుపుగానే ఉండి నీడలు మాత్రమే నీలంగానో గోధుమగానో ఉంటే టోనింగ్. అందులో వెండినే వేరే లోహ లవణంగా మార్చేవాళ్ళు. రాత్రి దృశ్యాలను పగలే తీసి నీలం అద్దేవాళ్ళు. నలుపు తెలుపులో కాపీ తీస్తే నాయకుడు పట్టపగలు లాంతరు పట్టుకుని తిరుగుతుంటాడు.

రంగు మారిన ప్రతిచోటా ఒక జాయింటు ఉంటుంది. అది చిరిగి అతికించింది కాదు, ప్రింటు పుట్టుకతో వచ్చింది. తీసేయనివ్వొద్దు. గీతల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వెట్ గేట్ పద్ధతిలో, బేస్‌తో (బొమ్మ పొరకు ఆధారంగా ఉండే పట్టీతో) సమానంగా కాంతిని వంచే ద్రవం పూసి స్కాన్ చేస్తే బేస్ మీది గీతలు మాయమవుతాయి. ఎమల్షన్ గీరుకుపోయి వెండే లేచిపోయిన చోట దానివల్ల లాభం లేదు.

ఫైలు పెద్దదవుతుందన్న మాట నిజమే. 4కె, 10 బిట్ రంగులో ఒక్క ఫ్రేము 51 మెగాబైట్లు. 1000 అడుగుల రీలుకు 800 గిగాబైట్లు దాటుతుంది.

ప్రశ్న: స్కాన్ అయిపోయాక ప్రమాదకరమైన ఆ నైట్రేట్ ఎందుకు?

జవాబు: ‘మెట్రోపొలిస్’ (1927)లో కత్తిరించేసిన దృశ్యాలు 2008లో బ్యూనస్ ఎయిరిస్‌లో దొరికాయి. దొరికింది 16 ఎం.ఎం. నెగెటివ్. 35 ఎం.ఎం. నైట్రేట్ నుంచి దాన్ని తీసినవాళ్ళు శుభ్రం చేయలేదు, కాపీ అయ్యాక నైట్రేట్‌ను వదిలించుకున్నారు. గీతలు, నూనె మరకలు బొమ్మలో భాగమైపోయాయి. ఫ్రేము పక్కన కొంత కోసుకుపోయింది కూడా. 2010 కూర్పులో ఆ దృశ్యాలు రాగానే నల్లటి అంచుతో, గీతలతో తేడా ఇట్టే తెలుస్తుంది. అసలుది ఉండి ఉంటే ఈ గొడవే లేదు.

నైట్రేట్‌ను ఉంచాల్సింది ఇంట్లో కాదు, ఆర్కైవులో. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు వర్జీనియా రాష్ట్రం కల్పెపర్‌లో 124 నైట్రేట్ గదులున్నాయి, దాదాపు 4 డిగ్రీల చలి, 30 శాతం తేమ. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ గోదాములో సున్నాకు 5 డిగ్రీలు దిగువ. డిజిటల్ కాపీకి ఇంత చలి అక్కర్లేదు కానీ కాపలా కావాలి. ఫైళ్ళు దాచే టేపులను చదివే ఎల్‌టీఓ-9 డ్రైవు దానికి ముందు తరం టేపు దాకానే చదువుతుంది. కొన్నేళ్ళకోసారి కొత్త తరానికి మార్చి, ఫైలు చెడిపోలేదని చెప్పే చెక్‌సమ్ అంకె సరిపోల్చి, రెండు వేర్వేరు చోట్ల ఉంచకపోతే ఫైలు నైట్రేట్ కంటే ముందే పోతుంది.

ప్రశ్న: ఆర్కైవుకు ఇస్తే మా హక్కులు పోతాయా? ఎలా పంపాలి?

జవాబు: మన చట్టంలో సినిమా కాపీరైటు 60 ఏళ్ళు. మూకీలకు అది ఎప్పుడో తీరిపోయింది. మీకున్నది ఆ వస్తువు మీద యాజమాన్యం. దానంగా ఇస్తే అది వాళ్ళదవుతుంది. డిపాజిట్‌గా ఇస్తే మీదే ఉంటుంది, దాచే పని వాళ్ళది. ఏదో ఒకటి కాగితం మీద రాయించుకోండి, చూసుకోవడానికి ఒక డిజిటల్ కాపీ ఇచ్చేలా షరతు పెట్టుకోండి. మన దేశంలో మొదట అడగాల్సింది పుణేలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవును. 1964లో మొదలైన ఆ సంస్థ ఇప్పుడు ఎన్.ఎఫ్.డి.సి. (నేషనల్ ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్) కింద ఉంది.

నైట్రేట్ అని అనుమానమున్నా బస్సు పార్సిల్లో, పోస్టులో, విమానం సామానులో వేయకండి. ఐక్యరాజ్యసమితి ప్రమాదకర సరుకుల జాబితాలో దాని నంబరు 1324, తరగతి 4.1, అంటే మండే ఘన పదార్థం. ముందు ఫొటోలు, కొలతలు ఈమెయిల్లో పంపండి. రవాణా ఎలాగో వాళ్ళే చెబుతారు. వాళ్ళు కొత్త డబ్బాల్లోకి మార్చాక తుప్పు పట్టిన పాత మూతలు చెత్తలోకి పోకుండా చూసుకోండి. రాతలున్న మూతలకు మీరు వేసిన నంబర్లే వేసి, ఫిల్ముతో పాటే ఇవ్వండి.